ఆరింటి వరకు, ఆరింటికల్లా: సైనిక ఆదేశంలో ఏది రాయాలి?

సందేహం: సైన్యంలో అధికారులు ఆదేశాలు పంపే కమాండ్ సిస్టమ్‌ను, కంప్యూటర్లో యుద్ధాన్ని నడిపి చూపే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌తో ఎలా కలుపుతారో వివరిస్తూ మా విద్యార్థుల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. నమూనా ఆదేశంగా ‘రెండో కంపెనీ ఆరింటి వరకు వంతెన దగ్గరికి చేరాలి’ అని రాశాను. గుంటూరు నుంచి వచ్చిన మా సహోద్యోగి చదివి, ‘వరకు’ తప్పు, ‘ఆరింటికల్లా’ అనాలి అంటున్నారు. మా ఊళ్లో అందరం వరకు అనే అంటాం. ఇది నిజంగా తప్పేనా?
– ఒక ఇంజనీరింగ్ అధ్యాపకురాలు, హనుమకొండ

సమాధానం: తప్పు కాదమ్మా. అయినా మీ పాఠంలో మాత్రం మార్చండి. రెండింటికీ కారణాలు వేరు.

వరంగల్, కరీంనగర్ వైపు ‘జాతర వరకు రోడ్డు పని అయిపోతది’ అంటే మేడారం జాతర వచ్చేలోపే పని ముగుస్తుందని. ‘జాతర వరకు పని నడుస్తది’ అంటే అప్పటిదాకా సాగుతూనే ఉంటుందని. ‘నేను పోయేవరకు బస్సు ఎల్లిపోయింది’ అంటే నేను బస్టాండుకు చేరేసరికే బస్సు లేదని. ఈ మూడు వాక్యాల్లో ఏదీ ఇక్కడివాళ్లకు తికమక పెట్టదు. కోస్తాలో పెరిగినవారికి వరకు అంటే ఎక్కువగా ఆ వేళదాకా సాగడమే కాబట్టి మొదటి వాక్యమూ, మూడో వాక్యమూ కొత్తగా వినిపిస్తాయి. ఉర్దూ ‘తక్’ కూడా ఇలాగే రెండు పనులూ చేస్తుంది. ‘కల్ తక్ రుకో’ అంటే రేపటిదాకా ఆగు, ‘కల్ తక్ ఆ జాయేగా’ అంటే రేపటికల్లా వచ్చేస్తాడు. నిజాం కాలంలో కచేరీల్లోనూ బడుల్లోనూ ఉర్దూ నడిచిన సీమలో ఈ వాడుక బలపడిందని నా అభిప్రాయం. ఎలా వచ్చినా సరే, తరాలుగా ఇంతమంది ఒకరికొకరు చక్కగా అర్థమవుతూ వాడుకుంటున్న మాటను తప్పుల పట్టీలో వేయడం అన్యాయం. మీ సహోద్యోగితో ఈ సంగతి గట్టిగానే చెప్పండి.

మరి వినేవాళ్లకు ఏ అర్థమో ఎలా తెలుస్తోంది? క్రియను బట్టి. చేరడం, రావడం, అయిపోవడం ఒక్క క్షణంలో తేలిపోయే పనులు. వాటితో వరకు వస్తే ‘కల్లా’ అని తీసుకుంటాం. ఉండడం, నడవడం, కాపలా కాయడం సాగే పనులు. వాటితో వస్తే ‘దాకా’ అని. అందుకే మీరు రాసిన ‘వరకు చేరాలి’ని వరంగల్‌లో ఎవరూ తప్పుగా అర్థం చేసుకోరు.

చిక్కంతా అటూ ఇటూ పోగల క్రియలతోనే. కాకతీయ కాలువ తూము దగ్గరున్న మనిషికి ‘ఆరింటి వరకు నీళ్లు ఆపాలె’ అని ఫోన్ వచ్చిందనుకోండి. ఆరింటిదాకా ఆపి ఆ తర్వాత వదలాలా? లేక ఆరయ్యేలోపు ఆపేసి అలాగే ఉంచాలా? ఆయనకు అనుమానం వస్తే తిరిగి ఫోన్ చేసి అడుగుతాడు. ఇదే వాక్యాన్ని మీ పాఠంలోకి తీసుకురండి: ‘మూడో కంపెనీ ఆరింటి వరకు వంతెన దగ్గర శత్రువును ఆపాలి.’ ఇక్కడ అడిగేవాళ్లు ఎవరు?

మామూలు సైనిక విన్యాసాల్లో అడిగే మనుషులు ఉండేవాళ్లు. కమాండర్ ఆదేశం ఆయన సిస్టమ్‌లో వస్తుంది, సిమ్యులేషన్ ముందు కూర్చున్న ఆపరేటర్లు దాన్ని చదివి, అర్థం చేసుకుని, మళ్లీ తమ కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. అక్కడ జరిగిన పోరును తిరిగి రిపోర్టుగా మార్చి పైకి పంపేదీ వాళ్లే. వరకు అంటే దాకానా, కల్లానా అని తేల్చే పని కూడా తెలియకుండానే వాళ్లు చేసిపెట్టేవారు. రెండు సాఫ్ట్‌వేర్లనూ నేరుగా కలిపేస్తే మధ్యలో ఈ మనిషి ఉండడు. ఇలా కలపడానికే సిమ్యులేషన్ ఇంటరాపరబిలిటీ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్ అనే అంతర్జాతీయ సంస్థ 2014లో సీ-బీఎంఎల్ అనే ప్రమాణాన్నీ, దాని తర్వాత 2020లో సీటూసిమ్ అనే ప్రమాణాన్నీ తెచ్చింది. వీటిలో ఆదేశం ఎక్స్ఎంఎల్ సందేశంగా, అంటే ప్రతి వివరానికీ పేరు తగిలించి కంప్యూటర్ చదవగలిగేలా రాసిన రూపంలో వెళ్తుంది. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎక్కడ, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు అన్నవాటికి విడివిడిగా గళ్లుంటాయి. ‘ఏం చేయాలి’ అన్న గడిలో మనకు తోచిన మాట రాయడానికి లేదు, ముందే అర్థం నిర్ణయించిన పట్టికలోంచి ఎంచుకోవాలి.

భాష చదువుకున్నవాళ్లకు ఇందులో సంతోషించదగ్గ సంగతి ఒకటుంది. ఈ ఆదేశాల కోసం జర్మనీకి చెందిన భాషా పరిశోధకుడు ఉల్రిచ్ షాడె, అమెరికాకు చెందిన మైకేల్ హీబ్ కలిసి ఒక వ్యాకరణమే రాశారు. అందులో ముందు క్రియ, తర్వాత ఆదేశించేవారు, చేసేవారు, ఆ తర్వాత చోటు, వేళ, చివర్లో ఎందుకన్నది వస్తాయి. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది, అయినా దానివల్ల ఇబ్బంది ఏమీ లేదు. ఏ గడిలో ఏది పడాలో వాక్యం తేటగా చెప్పాలి, అంతే.

వరకు ఆ పని చేయలేకపోతోంది. ‘ఆరింటి వరకు ఆపాలి’లో ఆరు మొదలా, ముగింపా? ఆరయ్యేలోపు అడ్డుకుని అలాగే నిలవాలని కమాండర్ ఉద్దేశం, ఆరు మాత్రం ముగింపు గడిలో పడింది అనుకోండి. సిమ్యులేషన్‌లో మూడో కంపెనీ ఆరు కాగానే తన పని అయిపోయిందని వంతెనను వదిలేయవచ్చు. శత్రువు దాటేస్తాడు. ఫలితం చూసినవాళ్లు ప్లానే బాగాలేదనుకుంటారు. ఇంగ్లిష్ ఆదేశాల్లో ఈ చోట ‘నాట్ లేటర్ దేన్’కు పొడి అక్షరాలుగా ఎన్ఎల్‌టీ అని రాయడం అలవాటు. మనకు కల్లా, లోపు ఉన్నాయి, అవి చాలు.

‘-ఆలి’తో కూడా కాస్త జాగ్రత్త. ‘రెండో కంపెనీ రావాలి’ అంటే రమ్మని ఆదేశమూ కావచ్చు, ఇంకా రాలేదన్న కబురూ కావచ్చు. ఆ ప్రమాణాల్లో ఆదేశం వేరు, రిపోర్టు వేరు. రిపోర్టులో ‘ఇంకా రాలేదు’ అనే రాయండి. ‘రెండు గంటల్లో’ అన్నా లోపా, తర్వాతా అన్న సందేహం వస్తుంది, గడియారం వేళే ఇవ్వండి, అదీ 24 గంటల లెక్కలో. కమాండ్ సిస్టమ్, సిమ్యులేషన్ లాంటి మాటలకు తెలుగు వెతుకుతూ టెన్షన్ పడకండి, పిల్లలకు అవి తెలిసినవే.

మీ నమూనాను ఇలా మార్చండి: ‘రెండో కంపెనీ 06:00 కల్లా వంతెన దగ్గరికి చేరాలి. అప్పటినుంచి 09:00 దాకా శత్రువును వంతెన దాటనివ్వకూడదు. 09:00 తర్వాత కొత్త ఆదేశం వచ్చేదాకా అక్కడే ఉండాలి.’ ఒకే వాక్యంగా కుదించకండి. పాఠం పూర్తయ్యాక జనగామ విద్యార్థి ఒకరికీ, మీ గుంటూరు సహోద్యోగికీ ఇచ్చి, ప్రతి ఆదేశానికీ మొదలు వేళ, ముగింపు వేళ విడిగా రాయమనండి. ఇద్దరి జవాబులూ కలవని వాక్యం ఏదైనా ఉంటే దాన్ని తిరగరాయండి.