తూటా పేలాక ఆగదు

ప్రశ్న: సారూ, శ్రీలంకలో జనం అధ్యక్షుడి ఇంట్లోకే వెళ్లారు. బంగ్లాదేశ్ ప్రధాని పారిపోయి మన దేశానికి వచ్చారు. ఇలా ఒక్కసారిగా ఎందుకు తిరగబడతారు? నాయకుడు పోతే బతుకులు బాగుపడతాయా?
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: ఒక్కసారిగా కాదు తల్లీ. దూరం నుంచి మనకు అట్లా కనిపిస్తుంది.

సాగర్ ఎడమ కాలువ కింద మాకు నాలుగెకరాల వరి ఉంది. నాటు వేసిన నెలలోపు యూరియా దొరక్కపోతే ఎంత టెన్షనో మీ ఇంట్లోనూ తెలిసే ఉంటుంది. శ్రీలంకలో 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతే ఆపేయాలని నిర్ణయించారు. సేంద్రియ సాగు మంచిదే, కానీ రైతును అడగలేదు, అలవాటుపడే టైమూ ఇవ్వలేదు. వరి దిగుబడి పడిపోయింది. అప్పటికే 2019లో పన్నులు తగ్గించి ఖజానాకు గండి పెట్టుకున్నారు, కరోనాతో టూరిస్టులూ ఆగిపోయారు. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు. పెట్రోలుకు, గ్యాస్‌కు రోజుల తరబడి క్యూలు. ఆ క్యూలే రైతునూ, ఆటోవాలానూ, టీచర్నూ ఒక్కచోటికి చేర్చాయని నేను నమ్ముతాను. జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి వెళ్లారు. 13న గొటబాయ రాజపక్స దేశం దాటారు.

బంగ్లాదేశ్‌ది వేరే కథ. 1971 యుద్ధంలో పోరాడినవాళ్ల వారసులకు 30 శాతం ఉద్యోగాల కోటా మీద విద్యార్థులు రోడ్డెక్కారు. 2024 జూలై 21న సుప్రీంకోర్టు దాన్ని 5 శాతానికి తగ్గించింది. గొడవ కోటాదే అయితే అక్కడితో ఆగాలి. కానీ అప్పటికే కాల్పుల్లో పిల్లలు చనిపోయారు. ఆగస్టు 5న షేక్ హసీనా వెళ్లిపోయారు.

మన దగ్గరా అంతే కదా. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న కడవెండిలో 1946 జూలై 4న దొరల వెట్టిని ఎదిరించిన దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు కూలాడు. వెట్టి తరతరాలుగా ఉన్నదే. ఊళ్లకు ఊళ్లు దొరల మీద లేచింది మాత్రం ఆ తర్వాతే.

ఇక బాగుపడటం. ఈజిప్టులో 2011లో జనం రోడ్డెక్కిన 18 రోజుల్లో అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు, రెండున్నరేళ్లు తిరక్కుండా సైన్యం మళ్లీ పెత్తనం తీసుకుంది. శ్రీలంక జనం కరెంటు చార్జీలు, పన్నులు పెరిగినా ఓర్చుకుని, 2024 సెప్టెంబరులో ఓటుతో అనుర కుమార దిసనాయకెను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. నాకు ఆ దారే నచ్చింది.

మా నాయనమ్మ సూర్యాపేట దగ్గరి పల్లెలో దొర గడీలో కూలి లేకుండా వడ్లు దంచేది. దొరల మీద పోరాడిన సంఘం (ఆంధ్ర మహాసభను ఊళ్లల్లో అట్లా అనేవాళ్లు) ఆమెకు రెండెకరాలు పంచింది. 1948లో భారత సైన్యం వచ్చి నిజాం పాలన పోయాక దొర మనుషులు వచ్చి ఆ చెలక లాక్కున్నారు. వడ్లు దంచ రమ్మని మాత్రం మళ్లీ పిలవలేదు.