శనివారం మీ ఒక్కరిదే కాదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. భార్యాభర్తలిద్దరం వారానికి అయిదు రోజులు ఉద్యోగం చేస్తాం, 8 ఏళ్ల పాప ఉంది. నాకు చెక్కపని, రంగులు వేయడం, చిన్నచిన్న కరెంటు పనులు వచ్చు కాబట్టి స్నేహితుల్లో ఎవరికి ఏ అవసరం వచ్చినా ఫోన్ నాకే చేస్తారు. గత మూడు నెలల్లో 13 వారాంతాలుంటే 8 స్నేహితుల పనులకు, 3 ఫంక్షన్లకు పోయాయి. మా పడకగదికి పుట్టీ పెట్టి వదిలేసి అయిదు నెలలైంది, అందరం హాల్లోనే పడుకుంటున్నాం. పాప టేబుల్ కోసం కొన్న చెక్క గోడకి ఆనించి ఉంది. "ఊరందరికీ మీరు శనివారం దొరుకుతారు, మాకు మాత్రం సోమవారం పొద్దున బూట్లు వేసుకుంటూ కనిపిస్తారు" అంది నా భార్య. ఈ శనివారం ఒక ఫ్రెండ్ ఇల్లు మారుతున్నాడు, వస్తానని మాటిచ్చేశాను. వెళ్తే నాతో మాట్లాడనంటోంది. నలుగురికి సాయం చేయడం తప్పా?

జవాబు: తప్పు కాదండీ. కానీ మీ భార్య కూడా తప్పని అనలేదు, ఆవిడ మాటని మీరే రాశారు, ఇంకోసారి చదవండి. మీరు మాకు కనిపించడం లేదు అంటోంది, అంతే. మీరేమో ఆవిడ అడగని ప్రశ్నకి జవాబు వెతుక్కుంటున్నారు.

ఫోన్ వచ్చినప్పుడు "వస్తాను" అన్నది ఎవరు? మీరొక్కరే. మీరు ఆ మాట అన్న క్షణంలో ఇద్దరి శనివారం ఖర్చయిపోయింది. మీరు స్నేహితుడి ఇంట్లో అలమర బిగిస్తున్నంతసేపూ ఇక్కడ బట్టలు, వంట, పాప చదువు, అయిదు నెలలుగా హాల్లో పేరుకున్న సామాను, అన్నీ ఒక్క మనిషి మీద పడ్డాయి, ఆ మనిషి కూడా వారమంతా ఉద్యోగం చేసి వచ్చిందే. అంటే మీరు చేసే ప్రతి సాయంలో సగం ఆవిడదే. దానికి ఆవిడని అడిగిన వాళ్లు లేరు, థ్యాంక్స్ చెప్పిన వాళ్లూ లేరు. కోపం అక్కణ్ణుంచి వస్తోంది.

బయటి పని మీకెందుకంత హాయిగా ఉంటుందో నాకు అర్థమవుతుంది. పొద్దున మొదలవుతుంది, సాయంత్రానికి అయిపోతుంది, నలుగురూ మెచ్చుకుంటారు. ఇంట్లో గోడ అలా కాదు, ఈ వారం రుద్దితే వచ్చే వారం ఇంకో పని మిగులుతుంది. 2007లో సబీన్ సోనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఉద్యోగం అలసట నుంచి మనిషి తేరుకునే తీరుని నాలుగు భాగాలుగా చెప్పారు. ఆఫీసు ఆలోచన మనసులోంచి పోవడం, ఒళ్లూ మనసూ తేలికపడటం, ఏదైనా పనిని బాగా చేయగలిగానన్న తృప్తి, నా సమయం నా చేతిలో ఉందన్న భావన. మీకు డ్రిల్ మిషన్ పట్టుకుంటే మొదటిదీ మూడోదీ దొరుకుతున్నాయి, అందుకే దాన్ని మానేయమని నేను చెప్పను, మానేస్తే మీరు చిరాకు మనిషి అవుతారు. కానీ ఆ 13 వారాంతాల్లో మీ భార్యకి ఈ నాలుగింటిలో ఏది దొరికిందో ఆలోచించండి. ముఖ్యంగా ఆ చివరిది.

మీ ఉత్తరం చదువుతుంటే మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయనా ఇలాంటి మనిషే, ఎవరింట్లో ఏది పాడైనా ఆయనే వెళ్లాలి. నాకు గర్వంగానే ఉండేది. కానీ ఆయన చేతి పనిని నేను ఎక్కువగా చూసింది పక్కవాళ్ల ఇళ్లలోనే. ఆ గోడకి ఆనించిన చెక్కని మీ పాప రోజూ చూస్తోందని మర్చిపోకండి.

ఇకమీదట ఫోన్లోనే ఒప్పుకోవద్దు. "ఇంట్లో కనుక్కుని రాత్రికి చెప్తాను" అనండి. ఇలా అంటే పెళ్లాం చాటు మనిషి అనుకుంటారేమో అని కొందరు జంకుతారు, ఎవరేమనుకున్నా పర్లేదు, ఆ వారాంతం నిజంగానే మీ ఇద్దరిదీ. అడగడమంటే ఆవిడకి విషయం చెప్పడం కాదు, ఆవిడ "ఈ వారం వద్దు" అంటే ఆగడం.

రెండోది, "రెండు గంటల పనే, వచ్చేస్తా" అనే మాట. మన పనికి పట్టే సమయాన్ని మనం తక్కువగా లెక్కేస్తామని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామనుకున్నారు, తీరా 55 రోజులు పట్టింది. వాళ్లేమీ అబద్ధమాడలేదు, మీరూ ఆడటం లేదు. అందుకని ఎంత పడుతుందో ఊహించకండి, పోయినసారి ఇదే పనికి ఎన్నింటికి ఇల్లు చేరారో అది చెప్పండి.

ఫంక్షన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ముగ్గురికీ వెళ్లాలనిపించిన వాటికి వెళ్లండి, మిగతావాటికి ఒక గంట కనిపించి వచ్చేయండి, డెకరేషన్ పని ప్రతిసారీ మీ నెత్తిన వేసుకోకండి.

గది విషయానికొస్తే, పుట్టీ రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేసి, అది ఆరాక రెండు కోట్లు రంగు, కోటుకీ కోటుకీ మధ్య మళ్లీ ఆరనివ్వడం, ఇదంతా మీకు నాకంటే బాగా తెలుసు. ఇది ఒక ఆదివారం మధ్యాహ్నంతో అయ్యేది కాదు, వరసగా రెండు వారాంతాలు రాసిపెట్టుకోండి, అది పూర్తయ్యేదాకా టేబుల్ చెక్క ముట్టుకోవద్దు. అంత తీరిక లేదంటే పెయింటర్‌ని పిలవండి. అన్నీ వచ్చిన నేను వేరేవాళ్లని పిలవడమేంటి అనిపిస్తుంది, కానీ మీ భార్యకి కావలసింది గదా, మీ చేతిపనా అని ఆవిడనే అడిగి చూడండి.

ఇంకొకటి అడగాలి. ఇంతమందికి చేశారు కదా, వాళ్లలో ఒక్కరినైనా మీ ఇంటికి నిచ్చెన పట్టుకోవడానికి రమ్మన్నారా? అనే ఉండరు. అడగండి. సాయం తీసుకోవడానికి మొహమాటపడే మనిషి దగ్గర అవతలివాళ్లు ఎప్పుడూ బాకీ పడ్డట్టే ఉంటారు, స్నేహానికి అదీ మంచిది కాదు.

ఈ శనివారం సంగతి. మాటిచ్చారు కాబట్టి వెళ్లండి, కానీ పన్నెండు వరకే. అది ఈరోజే ఆ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి చెప్పండి, అక్కడికి వెళ్లాక కాదు, ముందే తెలిస్తే ఇంకో ఇద్దరిని పిలుచుకుంటాడు. ఆ ఫోన్లోనే "ఆదివారం మా గదిలో మంచం, బీరువా పక్కకి జరపాలి, ఒక గంట రాగలవా" అని కూడా అడిగేయండి. మీ భార్యతో మాత్రం వాదన వద్దు. "నిన్ను అడక్కుండా మాటిచ్చాను, తప్పు నాదే, పన్నెండున్నరకి ఇంట్లో ఉంటాను" అని చెప్పి ఊరుకోండి. ఆవిడ వెంటనే కరిగిపోదు, మాట్లాడకపోవచ్చు కూడా, అయినా పన్నెండున్నరకి తలుపు కొట్టండి.

ఆదివారం పుట్టీ రుద్దేటప్పుడు మూతికి మాస్కు కట్టుకోండి, పాపని ఆ గదిలోకి రానివ్వకండి, ఆ దుమ్ము పిల్లలకి మంచిది కాదు. రంగు ఏదో మాత్రం ఆ పూటే పాపనీ వాళ్లమ్మనీ కూర్చోబెట్టి ఎంచుకోమనండి, మీకు నచ్చకపోయినా సరే.