పదేళ్ళ పిల్లాడికి పాత తరహా ఆర్సీ బగ్గీ కిట్ కొనిస్తే బిగించుకోగలడా?

మీ అబ్బాయికి పదేళ్ళని చెప్పి, జపాన్ కంపెనీ టామియా వాళ్ళ హార్నెట్ లాంటి పాత మోడల్ ఆర్సీ బగ్గీ (మట్టిలో, ఇసుకలో నడిచే రిమోట్ కారు) ముక్కల్ని మనమే బిగించుకునే కిట్ కొనాలా, లేక పెట్టెలోంచి తీసి నడుపుకునే రెడీమేడ్ రిమోట్ కారు కొనాలా అని అడిగారు. కిట్టే కొనండి. కాకపోతే "వాడి కోసమే" అన్న మాట మీ ఆవిడ దగ్గర వాడకండి. నేను వాడాను. మూడో రోజుకల్లా దొరికిపోయాను.

ఎనభైల చివర్లో రాజమండ్రిలో మా వీధికి కువైట్ నుంచి ఒకాయన రిమోట్ కారు తెచ్చాడు. ఒక్క సాయంత్రం నడిపాడు, సెల్లులు అయిపోయాయి, కారు షోకేసులోకి ఎక్కింది. ఇరవై మంది పిల్లలం ఆ అద్దంలోంచి దాన్ని ఏళ్ళ తరబడి చూశాం. ఇప్పుడు నలభై దాటాక ఇలాంటి బగ్గీలు కొంటున్న వాళ్ళందరి వెనకా ఒక షోకేసు ఉంటుందని నా నమ్మకం. జపాన్‌లో షిజువోకా ఊళ్ళో ఉన్న టామియా వాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. లేకపోతే 1984లో తెచ్చిన హార్నెట్‌ని 2004లో మళ్ళీ ఎందుకు తెస్తారు? అదీ పదేళ్ళ పిల్లల కోసమేనా? మనకోసమండీ.

మూడేళ్ళ కిందట వేసవి సెలవులకి నా హార్నెట్ కిట్‌ని రాజమండ్రి తీసుకెళ్ళాను. మా నాన్నగారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. పెట్టె చూసి "బొమ్మ కారుకి ఇంత డబ్బా?" అని పేపరు చదువుకోడానికి వెళ్ళిపోయారు. నేనూ మా వాడూ కూర్చుని ఎ, బి, సి అని రాసి ఉన్న కవర్లు విప్పాం. స్క్రూలు దొర్లిపోతుంటే మా అమ్మ పోపుల పెట్టె ఖాళీ చేసి అందులో పోశాం. ఆవాల గిన్నెలో మూడు మిల్లీమీటర్ల స్క్రూలు, జీలకర్ర గిన్నెలో వాషర్లు, మెంతుల గిన్నెలో ఇరుసుకి తొడిగే క్లిప్పులు. దీని గురించి అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఆ మాటలన్నీ ఇక్కడ రాయను.

మా వాడు ముందు చక్రాల దాకా ఉత్సాహంగా చేశాడు. గేరుబాక్సు దగ్గరికి వచ్చేసరికి ఫోను వెతుక్కున్నాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి మాన్యువల్ అందుకుంది.

ఈ కంపెనీ మాన్యువల్లో ఒక మంచి పని చేస్తారు. ఏ స్క్రూ ఎక్కడ పడుతుందో దాని బొమ్మని అసలు సైజులోనే అచ్చేస్తారు. స్క్రూని కాగితం మీద పెట్టి చూసుకుంటే చాలు, సరిపోయిందా లేదా తేలిపోతుంది. నాన్నగారికి ఇంగ్లీషు అంతంత మాత్రం, జపనీస్ సంగతి సరేసరి. ఒక్క అక్షరం చదవకుండా రాత్రి పదకొండింటికి గేరుబాక్సు మూసేశారు. పళ్ళకి రాయమని కిట్‌తో ఇచ్చిన బుల్లి ట్యూబు గ్రీజు చూసి "ఇది బొట్టు పెట్టుకోడానికా?" అన్నారు.

స్క్రూల మాటొచ్చింది కాబట్టి ఒక గోడు చెప్పుకోవాలి. జపాన్ వాళ్ళ స్క్రూల తలలు ప్లస్ గుర్తులాగే ఉంటాయి గానీ మన ఇళ్ళలో ఉండే స్టార్ స్క్రూడ్రైవర్ కొలత కాదు. దానికి జె.ఐ.ఎస్. అని వాళ్ళ కొలత వేరే ఉంది. మన డ్రైవరు అందులో పూర్తిగా కూర్చోదు, గట్టిగా తిప్పితే పైకి జారి తల కొరికేస్తుంది. జపాన్ బైకుల కార్బరేటర్ స్క్రూలు గుండ్రంగా అరిగిపోయి ఉండేది ఇందుకే. ఇంత ఖరీదైన కిట్‌లో ఇన్ని పెట్టినవాళ్ళు ఒక మంచి స్క్రూడ్రైవర్ పెట్టలేకపోయారా? అది విడిగా కొనండి, తప్పదు. ఇంకోటి, ఈ స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లోకి. బస్సు చక్రం బోల్టులు బిగించిన చెయ్యి ప్లాస్టిక్ మీద పడితే ఏమవుతుందో మొదటి రాత్రే తెలిసింది. రెండు చోట్ల మర పోయింది. కొంచెం సూపర్ గ్లూ పూసి, పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ బిగించాం.

ఇక రంగు. మీరు అడగలేదు, కానీ నేను జవాబు రాస్తున్నదే దీని కోసం.

పెట్టె మీది బొమ్మలో హార్నెట్ నల్లగా ఉంటుంది. నాన్నగారు దాన్ని చూసి "దీనికి ఎర్ర బస్సు రంగెయ్యరా" అన్నారు. కింద ఎరుపు, నడుముకి మీగడ రంగు పట్టీ. నాకు భలే నచ్చింది. హార్నెట్ బాడీ పారదర్శకంగా ఉండే పాలికార్బొనేట్ అనే వంగే ప్లాస్టిక్ రేకు. దానికి రంగు బయట వెయ్యరు, లోపలి వైపు వేస్తారు. బండి ఎంత దొర్లినా రంగు గీసుకోదు, పైన అద్దంలా మెరుపు ఉంటుంది. బైకులకి వాడే స్ప్రే డబ్బా వేస్తే దెబ్బ తగలగానే పొరలు పొరలుగా రాలిపోతుంది. ఈ రేకుతో పాటు వంగే రంగు వేరే ఉంది, టామియాలో పి.ఎస్. అని రాసి ఉండేది. స్ప్రే డబ్బాల్ని విమానంలో తేనివ్వరు కాబట్టి అవి ఇక్కడే వెతుక్కోవాలి. నేను హైదరాబాదులో ఒక షాపులో సంపాదించాను.

పొద్దున్నే గాలి లేవకముందు డాబా ఎక్కాం. బాడీకి బయట న్యూస్‌పేపరు చుట్టి, లోపల పట్టీ తప్ప మిగతా అంతా టేపు వేశాం. ముందు ఏ రంగు? లేత రంగు ముందు, ముదురు తర్వాత అన్నారు నాన్నగారు. "డిపోలో వందల బస్సులకి చూశాను, నాకు చెప్తావా?" అన్నారు. నేనూ ఆలోచించకుండా సరే అన్నాను. మీగడ రంగు ఒక్క పల్చటి పూత కొట్టి, ఆరగానే టేపు పీకి, మొత్తం ఎరుపు కొట్టేశాం.

పేపరు విప్పి తిప్పి చూస్తే పట్టీ గులాబీ రంగులో ఉంది.

బస్సుకి రంగు బయట వేస్తారు, కాబట్టి చివర వేసిన రంగు కంటికి కనిపిస్తుంది. ఇక్కడ మొత్తం తిరగేసి లెక్క. మొదట వేసిన పూత ముందుంటుంది, తర్వాత వేసినవన్నీ దాని వెనక నిలబడతాయి. పల్చటి లేత రంగు వెనక ఎరుపు నిలబడితే అది తొంగి చూస్తుంది. పట్టీ మీద టేపు వేసి ముందు ఎరుపు కొట్టి, తర్వాత టేపు తీసి మీగడ రంగు కొట్టాలి. ఇది నాకు తెలుసు. చదివాను కూడా. డాబా మీద నాన్న మాట ముందు గుర్తు రాలేదు.

ఆయన కాసేపు బాడీని ఎండకేసి పట్టుకుని చూశారు. "ఇది ఎర్ర బస్సు కాదురా, రోజ్‌మిల్క్ బండి" అన్నారు. రాజమండ్రిలో పుట్టినవాడికి దానికి మించిన పేరు దొరకదు. తర్వాత థిన్నర్ తెచ్చి తుడిచేద్దామన్నారు. అక్కడ మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాను. థిన్నర్ తగిలితే ఆ రేకు తెల్లగా మసకబారి పగుళ్ళిస్తుంది. అలా రోజ్‌మిల్క్ రంగు ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆయన బాడీ పట్టుకుని బైకుల నంబరు ప్లేట్లకి అక్షరాలు కోసే రేడియం షాపుకి వెళ్ళారు. ముందు వైపు "రాజమండ్రి – కాకినాడ, వయా రామచంద్రపురం" అని, పక్కన "పల్లెవెలుగు" అని బుల్లి అక్షరాలు కోయించి తెచ్చారు. మా వాడు ఫోను పక్కన పెట్టింది అప్పుడే. హార్నెట్‌లో కూర్చునే డ్రైవరు బొమ్మకి తనే బ్రష్ పట్టుకుని ఖాకీ చొక్కా వేశాడు. మీ ప్రశ్నకి నా దగ్గరున్న అసలు జవాబు ఇదే. పదేళ్ళవాడు గేరుబాక్సు బిగించడు, డ్రైవరుకి ఖాకీ వేస్తాడు.

బండిని మొదటిసారి ధవళేశ్వరం ఆనకట్ట దిగువన ఇసుక తేలిన చోట నడిపాం. ఎగిరింది చూడండి! ఈ మోడల్లో మోటారు, గేరుబాక్సు, వెనక ఇరుసు అన్నీ ఒకే ముద్దగా ఊగుతాయి. గట్టిగా రేసు ఇస్తే వెనక భాగం కప్పలా గెంతుతుంది. వెనకవాటిలా ముందు షాకబ్జర్లలో ఆయిల్ ఉండదు, ఉత్త స్ప్రింగులే. అందుకని ముందు కూడా ఆయిల్‌వి వేయించుకోండి. ఇరుసు తిరిగే చోట ఉండే బుష్షులు (బాల్స్ లేని ఉత్త రింగులు) మాత్రం మొదటి రోజే తీసేసి బాల్ బేరింగులు వేయండి. కిట్‌తో వచ్చే బుష్షుల్లో ఇసుక చేరితే ఇరుసుని ఆకురాయి పెట్టినట్టు అరగదీస్తుంది. దీని బేరింగు లోపల 5, బయట 11, మందం 4 మిల్లీమీటర్లు. నాన్నగారు ఊళ్ళో బేరింగుల షాపుకి వెళ్ళి అడిగితే "ఫ్యాను బేరింగు 6202 ఉంది, ఇవ్వనా?" అన్నారట. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి వచ్చింది.

అంతకు మించి మార్చకండి. దీంట్లోకి పెద్ద బ్రష్‌లెస్ మోటారు దూర్చి, గంటకి ఎంత వేగం వచ్చిందో వీడియో పెట్టే బ్యాచ్ ఒకటుంది. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. కిట్‌తో వచ్చే 540 సైజు మోటారుకి తగ్గట్టు గీసిన బండి అది. అంత వేగమే కావాలంటే ఈ కాలపు బండి కొనుక్కోవచ్చు కదా? ఒక్క స్పీడు కంట్రోలరు దగ్గర మాత్రం పాతదనం కోసం పట్టుబట్టకండి. 1984 నాటి దాంట్లో రెసిస్టర్ మీదుగా కరెంటు పంపి వేగం తగ్గించేవారు, అచ్చం మన పాత ఫ్యాను రెగ్యులేటర్లలాగా. అలాగే వేడెక్కేది కూడా. ఎలక్ట్రానిక్‌ది పెట్టుకోండి.

మీ వాడే రంగు వెయ్యాలని పట్టుబడితే హార్నెట్ వద్దు, గ్రాస్‌హాపర్ కొనండి. అదీ 1984దే, దాదాపు అదే చట్రం, చిన్న 380 మోటారు, కాస్త నెమ్మది. దాని బాడీ గట్టి ప్లాస్టిక్, రంగు బయటే వెయ్యాలి. లేత ముందు, ముదురు తర్వాత, డిపో పద్ధతి సరిగ్గా పనిచేస్తుంది. 1979 నాటి శాండ్ స్కార్చర్ బొమ్మ చూసి మనసు పారేసుకోకండి. లోహపు భాగాలు, బీటిల్ కారు బాడీ, అందం అంతా ఇంతా కాదు. కానీ మొదటి కిట్‌గా అది తెస్తే మీ అబ్బాయి సంగతి అటుంచి మీకే కన్నీళ్ళు వస్తాయి. కిట్ ధరతో పాటు కస్టమ్స్‌కి కూడా వేరే డబ్బు తీసి పెట్టుకోండి. దాని గురించి మొదలుపెడితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

రెడీమేడ్ కారు విషయానికొస్తే, నేను చూసిన నలుగురిళ్ళలో అవి మొదటిసారి విరగ్గానే అటక ఎక్కాయి. విరిగింది ఏ ముక్కో, లోపల ఎలా ఉంటుందో తెలిస్తే కదా బాగు చేసేది. మా బండికి ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఆర్మ్ రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ మా వాడే మార్చాడు, తాతయ్య పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నారు.

బండి ఇప్పటికీ రాజమండ్రిలోనే ఉంది. హైదరాబాదు తెచ్చుకుంటానని పోయిన సంక్రాంతికి అడిగాను. "అక్కడ ఇసుకెక్కడుందిరా?" అన్నారు నాన్నగారు.