చెమ్మ గోడదా, చేపల తొట్టిదా?

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ సింగ్‌నగర్. గ్రౌండ్ ఫ్లోర్, సొంతిల్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి ఇల్లు నడుములోతు మునిగింది. తర్వాతి సంక్రాంతికి గోడలకి పుట్టీ పెట్టించి రంగులు వేయించాం. ఆ వేసవిలో మావారు బాబు కోసమని నాలుగడుగుల అక్వేరియం తెచ్చి, హాల్లో ఈశాన్య మూల గోడకి ఆనించి పెట్టారు. దానికి మూత లేదు. రెండు రోజులకోసారి ఐదు లీటర్ల బకెట్ నీళ్లు తగ్గుతున్నాయి. పోసేది నేనే. ఆ గోడకి అవతల మా పడకగది, అందులో ఏసీ. ఈ వానాకాలం మొదలయ్యాక అక్వేరియం వెనక గోడ చెమర్చి నల్లమచ్చలు వస్తున్నాయి, కింద రంగు ఉబ్బి తెల్లగా పొలుసులు రాలుతోంది. తుడిచేది నేనే. బీరువాలో నా పెళ్లి పట్టుచీరకి బూజు పట్టింది. అత్తయ్యగారు హాల్లోనే పడుకుంటారు, రాత్రిళ్లు ఆయాసం వస్తోంది. పక్కన కూర్చునేదీ నేనే. అక్వేరియం తీసేద్దామంటే మావారు 'ఇది వరద చెమ్మ, చేపల వల్ల కాదు' అంటారు. అత్తయ్యగారేమో ఈశాన్యంలో చేపలుంటే ఇంటికి మంచిది, తీయొద్దంటారు. వాన పడితే చాలు భయపడే మా బాబు, చేపలొచ్చాక కాస్త కుదురుగా పడుకుంటున్న మాట నిజమే. మొన్న కోపంలో 'ఇంట్లో అది ఉండాలో నేనుండాలో తేల్చుకోండి' అనేశాను. వారం నుంచి ఆయన నాతో సరిగా మాట్లాడటం లేదు. నేను తప్పు చేశానా?
– ఓ సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, తప్పొప్పుల సంగతి తర్వాత చూద్దాం. ఈ రాత్రికే చేయాల్సిన పని ఒకటుంది. అత్తయ్యగారి పడకని ఆ గోడ దగ్గర్నుంచి తీసి, హాల్లో ఎండ తగిలే వైపు, పొడి గోడ దగ్గరికి మార్చండి. చెమ్మ, బూజు ఉన్నచోట ఆస్తమా ఉన్నవాళ్లకి ఆయాసం పెరుగుతుందన్నది డాక్టర్లందరూ ఒప్పుకునే సంగతి. అలాగని ఆయాసానికి కారణం చెమ్మ ఒక్కటే అని మనం ఇంట్లో కూర్చుని తేల్చకూడదు. పెద్ద వయసువారు కదా, గుండె వల్ల కూడా రావచ్చు. ఈ వారంలోనే ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి. మాట్లాడటానికి కూడా ఊపిరి అందనంతగా ఉంటే మాత్రం వారం ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి. ఇన్‌హేలర్ రాస్తే 'అలవాటైపోతుందేమో' అని ఆవిడ భయపడొచ్చు. ఆ భయం అక్కర్లేదని డాక్టరు చేతే చెప్పించండి.

ఇక గోడ సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ చెమ్మ మీరన్నట్టు అక్వేరియందా, మీవారన్నట్టు వరదదా అంటే, ఇద్దరూ చెప్పేది నిజమేననిపిస్తోంది. ఒకే గోడ మీద మీరు రెండు రకాల గుర్తులు రాశారు. కింద రంగు ఉబ్బి, తెల్లటి పొలుసులు రాలడం లోపలి తడి గుర్తు. ఇటుకలో ఇంకిన నీళ్లు బయటికి వస్తూ ఉప్పుని మోసుకొస్తాయి. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగిలిపోయి రంగుని పైకి నెడుతుంది. పైన నల్లమచ్చల కథ వేరు. అది గాలిలోని తేమ చల్లటి గోడ మీద చెమర్చి, దాని మీద బూజు పెరగడం.

నేను కృష్ణ ఒడ్డున, కృష్ణలంకలో పెరిగినదాన్ని. వరద తగ్గాక ఇంటిని తడివాసన ఎన్నాళ్లు పట్టుకుని ఉంటుందో నాకు తెలుసు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ రోజుల తరబడి నీళ్లలో నానితే ఆరడానికి నెలలు పడుతుంది. మీరు నాలుగు నెలలకే పుట్టీ పెట్టి రంగు వేయించారు. పండక్కి ఇల్లు మళ్లీ ఇల్లులా కనిపించాలని ఎవరికుండదు? కానీ నూనె రంగుగానీ, తడిగుడ్డతో తుడుచుకునే రకం రంగుగానీ వేస్తే లోపలి తడికి దారి మూసుకుపోతుంది. ఇప్పుడు దాని మీద ఇంకో కోటింగ్ మాత్రం వేయించకండి. ఊడే రంగు, పుట్టీ గీకించి ఆ మేర గోడని అలాగే వదిలేయండి. వచ్చే మే నెల ఎండలకి, రోహిణీ కార్తె వడగాలులకి మన బెజవాడలో ఆరనిదంటూ ఉండదు. ఆరిన తర్వాతే రంగు.

ఎంత గోడదో ఎంత గాలిదో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. ఇది మీరొక్కరే చేయకండి, మీవారితో కలిసి చేయండి. అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ ముక్కలు రెండు తీసుకోండి. ఒకటి నేలకి జానెడు ఎత్తులో, రెండోది నల్లమచ్చలున్నచోట అంటించాలి. ఊడే రంగు ముందే గీకేసి, నాలుగు వైపులా గాలి దూరకుండా బ్రౌన్ టేప్ వేయండి. ఏసీ మామూలుగానే వాడుకోండి. రెండు రోజులయ్యాక చూస్తే, ప్లాస్టిక్ లోపలి వైపు నీటి బొట్లుంటే అది గోడలోంచి వచ్చిన తడి. లోపల పొడిగా ఉండి పైన తడిగా ఉంటే గాలిలోంచి పడిన తడి. వరదలో మునిగి, అక్వేరియం లేని ఇంకో గదిలో కూడా ఒక ముక్క అంటిస్తే పోల్చుకోవచ్చు. ఇలా చూస్తే మీ మాట నెగ్గిందా ఆయన మాట నెగ్గిందా అన్న పంతం ఉండదు.

నీళ్ల లెక్క కూడా చూద్దాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న తొట్టిలో నీటిమట్టం ఒక సెంటీమీటరు తగ్గిందంటే దాదాపు ఐదున్నర లీటర్లు పోయినట్టు. మీ బకెట్ లెక్క ప్రకారం రోజుకి రెండున్నర లీటర్లు. మూత లేని తొట్టికి అది మామూలే. కానీ ఆ నీళ్లన్నీ మీ హాలు గాలిలోకే వెళ్తున్నాయి. ఉతికిన బట్టల బకెట్ ఒకటి రోజూ హాల్లోనే ఆరేసినట్టు అనుకోండి. దానికి తోడు వానాకాలంలో నిజంగానే బట్టలు ఫ్యాను కింద ఆరేస్తుంటే, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేయకుండా పప్పు, అన్నం ఉడికిస్తుంటే, ఆ తేమా కలుస్తుంది. అవి మానేయమని అనడం లేదు. బట్టలు వరండాలో, వంట ఎగ్జాస్ట్ వేసి. అంతే.

ఆ గోడే ఎందుకు చెమర్చుతోందంటే, అవతల ఏసీ ఉంది కాబట్టి. హాల్లో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు 26 డిగ్రీల దాకా చల్లబడిన దేని మీదైనా చెమ్మ పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చెమర్చినట్టే. మీ ఏసీ 20లోనో 22లోనో ఉంటే రాత్రంతా ఆ గోడ చల్లబడుతుంది, ఇవతల తొట్టి ఆవిరి దాన్నే తాకుతుంది. తొట్టికీ గోడకీ మధ్య గాలి ఆడదు కాబట్టి అది ఆరదు. ఏసీ 26కి పెట్టి ఫ్యాను వేసుకుంటే సగం బాధ తగ్గుతుంది.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది తొట్టికి మూత. గ్లాసు కోసే షాపులో కొలత చెబితే రెండు ముక్కలుగా కోసి, అంచులు అరగదీసి ఇస్తారు. మేత వేయడానికి, వైర్లకీ పైపులకీ ఓ మూల రెండంగుళాల సందు వదలండి. గాలి పంపు నడుస్తుంటుంది కనుక చేపలకి ఊపిరి ఇబ్బంది ఉండదు. మూతకి ఇంకో లాభం ఉంది. గాలి బుడగలు పైకొచ్చి పగిలినప్పుడు సన్నటి తుంపర లేచి వెనక గోడ మీద కూడా పడుతుంది, మూత దాన్ని ఆపుతుంది. ఫ్యాను గాలి నేరుగా నీళ్ల మీదికి కొట్టకుండా చూడండి. హీటర్ ఉంటే మన ఊరి వేడికి దాదాపు ఏడాదంతా అక్కర్లేదు.

మూత పెట్టాక బాబు చేత గ్లాసు మీద మార్కర్‌తో నీటిమట్టం గీయించండి. నాలుగు రోజుల తర్వాత కూడా అంతే వేగంగా తగ్గుతుంటే అది ఆవిరి కాదు, లీకు. స్టాండు కింద పాత పేపరు పరిచి చూడండి, మూలల్లో సిలికాన్ అతుకులు తడిమి చూడండి. కొన్ని వందల రూపాయల్లో తేమ మీటరు దొరుకుతుంది, అది హాల్లో పెట్టుకోండి. 60 శాతం లోపు ఉంటే బూజుకి పెరిగే వీలు తక్కువ. వానాకాలంలో రోజంతా అంత తక్కువ ఉండదు, అది చూసి టెన్షన్ పడకండి. రోజుల తరబడి 70 దాటే ఉంటే మాత్రం ఏదో సరిచేయాల్సి ఉందని అర్థం. తేమ తీసే మెషీన్ కొనడం గురించి ఇవన్నీ అయ్యాకే ఆలోచించండి.

నల్లమచ్చల్ని పొడిగుడ్డతో దులపకండి, బూజు గాలిలో లేస్తుంది. మాస్క్ వేసుకుని, సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. బ్లీచింగ్, టాయిలెట్ క్లీనర్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఆ పూట అత్తయ్యగారు ఇంకో గదిలో ఉండాలి.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న. మీ ఉత్తరంలో 'నేనే' అన్న మాట మూడుసార్లు ఉంది. పోసేది నేనే, తుడిచేది నేనే, పక్కన కూర్చునేదీ నేనే. నాకు మీ బాధ అక్కడే కనపడింది. అక్వేరియం తెచ్చింది ఆయన, ముచ్చటపడేది బాబు, పుణ్యం అనుకునేది అత్తయ్యగారు, చాకిరీ మాత్రం మీది. నిద్ర లేని మనిషి 'అది ఉండాలో నేనుండాలో' అనడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ మాట విన్న మీవారికి మీ అలసట వినిపించి ఉండదు. బెదిరింపే వినిపించి ఉంటుంది. అందుకే వారం నుంచి సరిగా మాట్లాడటం లేదు.

ఆయన వైపు నుంచీ ఒక్కసారి చూడండి. పిల్లాడు నడుములోతు నీళ్లు చూశాడు. ఆ ఇంట్లోకే మళ్లీ నీళ్లు తెచ్చిపెట్టారాయన, అయితే ఈసారి గ్లాసు లోపల, రంగురంగుల చేపలతో. ఆలోచించి చేశారో లేదో తెలియదుగానీ, బాబు కుదురుగా పడుకుంటున్నాడని మీరే రాశారు. తొట్టి తీసేయమన్న మాట ఆయనకి ఆ నిద్ర తీసేయమన్నట్టు తగిలి ఉండొచ్చు.

అందుకని మాట మీరే కదపండి. రాత్రి అన్నాలయ్యాక, బాబు పడుకున్నాక, ఇలా అనండి: 'ఏవండీ, చేపలు తీసేయమని అననింక. కానీ ఆ పని నా వల్ల కావట్లేదు. నీళ్లు మీరు పొయ్యండి, ఆదివారం నీళ్లు మార్చేది కూడా మీరూ బాబూ చూసుకోండి. గోడ సంగతి ఇద్దరం కలిసి చూద్దాం.' అన్న మాటకి సారీ చెప్పాలనిపిస్తే చెప్పండి, దానికి మీరేమీ చిన్నబోరు. పని పంచుకోమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోకండి. ఆవిరైన నీళ్లు పోస్తే సరిపోదని, ఆవిరయ్యేది నీళ్లే గానీ అందులోని ఉప్పు కాదని, వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చాలని ఆయనకి తెలిసే ఉంటుంది. కొత్త నీళ్లు కార్పొరేషన్ కుళాయివైతే ఒక రోజు బకెట్‌లో నిలవ ఉంచి పోయాలి.

అత్తయ్యగారి నమ్మకంతో గొడవ వద్దు. ఈశాన్యం మార్చక్కర్లేదు, అదే మూలలో గోడకి అరడుగు ఎడం చేస్తే చాలు. ఆ తొట్టి నిండా నీళ్లుంటే రాళ్లూ గ్లాసూ కలిపి మూడువందల కిలోల దాకా ఉండొచ్చు. ముప్పావు వంతు నీళ్లు తోడి, చేపల్ని ఆ తోడిన నీళ్లలోనే ఉంచి, ఇంకో ఇద్దరి సాయంతో జరపండి. ఫిల్టర్ స్పాంజిని అదే నీళ్లలో తడిగా ఉంచాలి, కుళాయి కింద కడిగితే నీళ్లని శుభ్రంగా ఉంచే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

చీర సంగతి చిన్నదనుకుని మీరు ఒక్క వాక్యంలో రాశారు, నాకు మాత్రం అది చిన్నదనిపించలేదు. ఎండలో వేయకండి. నీడలో, బయట ఆరేసి, బూజుని మెత్తటి బ్రష్‌తో దులిపి, మరక ఉంటే పట్టుచీరలు చూసే డ్రైక్లీనర్‌కి ఇవ్వండి. తర్వాత తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడతలు మార్చండి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనీయకండి, నల్లబడుతుంది. బీరువాని గోడకి నాలుగంగుళాలు ముందుకి లాగండి.

ఇవన్నీ చేశాక, ఓ రెండు నెలలు చూసి, అత్తయ్యగారి ఆయాసం తగ్గకపోతే, డాక్టరు ఇంట్లో అక్వేరియం వద్దంటే తీసేయాల్సిందే. అప్పుడు బాబు స్కూలుకెళ్లినప్పుడు తీయకండి. వాడికి ముందే చెప్పి, వాడి చేతనే చేపల్ని వేరే పెంచుకునేవాళ్లకో, కొన్న షాపుకో ఇప్పించండి. బుడమేరులోనో, కాలవలోనో వదలొద్దని కూడా చెప్పండి. తొట్టి గ్లాసు శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ ఫిష్ అలా వదిలితేనే కాలవల్లో, చెరువుల్లో పెరిగిపోయింది. మన జిల్లాల చేపల రైతులు దాన్ని దెయ్యం చేప అని తిట్టుకుంటున్నారు.