పురానాపూల్ నుంచి మొదలుపెట్టు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. హైదరాబాద్ మీద నీకున్న ప్రేమ ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది, సంతోషం. కానీ తల్లీ, ఎనిమిది పేజీల్లో మూసీ పేరు ఒక్కసారి కూడా రాలేదు. చార్మినార్ వచ్చింది, ముత్యాలు వచ్చాయి, బిర్యానీ వచ్చింది, నవాబుల దర్జా వచ్చింది. ఏరు రాలేదు. నలభై ఏళ్లుగా ఈ ఊరి మీద రాస్తున్నవాడిని, నాకు ఆ లోటు చాలా పెద్దదిగా కనిపించింది. ఊరిని కీర్తించబోయే ముందు ఆ ఊరు ఏమేం ఓర్చుకుందో తెలుసుకోవాలి.

మూసీ మీద వంతెన పురానాపూల్ కట్టింది 1578లో. చార్మినార్ కట్టింది 1591లో. అంటే నగరం కంటే వంతెన పదమూడేళ్లు పెద్దది. గోల్కొండ నుంచి ఏరు దాటి ఇవతలికి రావలసిన అవసరం ముందు పుట్టింది, హైదరాబాద్ ఆ తర్వాత పుట్టింది. నీ వ్యాసాన్ని ఆ వంతెన మీద నిలబెట్టి మొదలుపెట్టు. చార్మినార్ దగ్గరికి పాఠకుణ్ణి నడిపించి తీసుకుని వెళ్లు, అప్పుడు దాని ఎత్తు అతనికి తెలుస్తుంది.

1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదను మాత్రం రెండు వాక్యాల్లో దాటేయకు. దాని గురించి మొదటిసారి రాసినప్పుడు నేను కూలిన ఇళ్లు, పోయిన ప్రాణాలు, కురిసిన వాన లెక్కలు వేసి ముగించాను. అఫ్జల్‌గంజ్‌లో ఒక పెద్దావిడ మనవడి చేత దాన్ని చదివించుకుని విని, "చెట్టు సంగతి రాయలేదేం నాయనా?" అని అడిగింది. మర్నాడే వెళ్లాను. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు అది. దాదాపు నూట యాభై మంది ఆ కొమ్మలు పట్టుకుని వరదలో బతికి బయటపడ్డారు. దాని కింద నిలబడి పైకి చూస్తే నేను వేసిన లెక్కలన్నీ వెలవెలబోయాయి. నువ్వూ వెళ్లి చూడు. బెరడు మీద చెయ్యి పెట్టి చూడు. ఆ తర్వాతే ఆ పేరా రాయి.

వరద తర్వాత ఏం జరిగిందన్నదీ ఊరి ఘనతలో భాగమే. ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ జలాశయం 1920లో, ఈసా నది మీద హిమాయత్‌సాగర్ జలాశయం 1927లో పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి కోసం ఒక బోర్డు ఏర్పడింది. నువ్వు మెచ్చుకున్న హైకోర్టు భవనం, ఉస్మానియా ఆస్పత్రి భవనం ఆ వరద తర్వాత ఏటి ఒడ్డున లేచినవే. వాటి గుమ్మటాల అందం వర్ణించావు, బాగుంది. పోయినవాళ్ల జ్ఞాపకం పక్కన పెట్టి చూస్తే ఆ అందం ఇంకా బరువుగా ఉంటుంది.

మహమ్మద్ కులీ కుతుబ్‌షా భాగమతిని ప్రేమించి ఆమె పేరు మీద ఊరు కట్టాడన్న కథ రాశావు. రాయి, నాకూ ఇష్టమే. అయితే జరిగినట్టే రాసేశావు. ఆ కథను ఆనాటి చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు, షేర్వానీ వంటి ఆధునిక చరిత్రకారులు నమ్మలేదు. "అంటారు" అన్న ఒక్క మాట చేర్చు చాలు. నాలుగు వందల ఏళ్లుగా జనం ఆ కథను వదులుకోలేదన్నది కూడా చరిత్రే కదా.

ఊరి పేర్లను జనం పలికినట్టే రాసుకో. రేమాండ్ అనే ఫ్రెంచి సేనాని నిజాం కొలువులో ఉండేవాడు. ముస్లింలు అతన్ని మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ అన్న పేరులో అతను ఇప్పటికీ ఉన్నాడు. ఒక్క పేరులో ఇంత ఊరు దాగి ఉంటే, గంగా జమునా సంస్కృతి అన్న పెద్ద మాట నీ వ్యాసంలో ఐదుసార్లు ఎందుకు? అన్నీ తీసెయ్యి.

ఇంకొకటి. నువ్వు ఉర్దూ కవులను గుర్తుచేసుకుని తెలుగును మరిచావు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. పొన్నికంటి తెలగన అచ్చ తెలుగులో రాసిన యయాతి చరిత్రను ఆ కొలువులోని అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ దక్కనీ ఉర్దూలో వానాకాలం మీద, పండుగల మీద కవితలు రాశాడు. సముద్రాన్ని చేపలతో నింపినట్టు నా నగరాన్ని జనంతో నింపమని దేవుణ్ణి వేడుకున్నాడు. రెండు భాషలూ ఒకే ఊరి నీళ్లు తాగాయి. ఒకదాన్ని వదిలేస్తే సగం ఊరే మిగులుతుంది.

పెద్దవాళ్లను కలిసినప్పుడు "మీ రోజుల్లో ఊరు ఎలా ఉండేది?" అని అడగకు. అందరూ "చాలా బాగుండేది" అనే అంటారు. బడికి ఏ దారిన వెళ్లేవారు, నీళ్లు ఎక్కడ పట్టుకునేవారు, పొద్దున్న మొదట వినిపించే చప్పుడు ఏది అని అడుగు. 1948 నాటి పోలీసు చర్య ప్రస్తావన వచ్చి వాళ్లు మౌనంగా ఉండిపోతే ఆగు. ఇంటి దుఃఖాన్ని అనుమతి లేకుండా అచ్చు వేయకూడదు.

చివరి పేజీలో "ఇప్పుడేమీ మిగల్లేదు" అని రాశావు. ఆ వాక్యం నన్ను నొప్పించింది. లాడ్ బజారులో లక్కను వేడి చేసి, గాజుగా తిప్పి, రాళ్లు పొదిగే చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్ల ఎదురుగా కూర్చుని ఒక గాజు పూర్తయ్యేదాకా చూడు. ఆ వాక్యం అప్పుడు ఉంచాలో తీసేయాలో నువ్వే నిర్ణయించుకో.

వచ్చే ఆదివారం ఎండ ముదరకముందే పురానాపూల్ దగ్గరికి రా. నేను ఆరింటికల్లా అక్కడ ఉంటాను. ఫోను సంచిలోనే ఉంచు, నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకో. అక్కడినుంచి ఒడ్డు వెంబడే చింతచెట్టు దాకా నడుద్దాం.

ప్రేమతో,
నీ మామయ్య