సమకాలికులా, సమకాలీనులా, ఈడువాళ్లా?

సందేహం: నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి పాప్, రాక్ సంగీతకారుల మీద మా తెలుగు సంఘం సంచికకు ఒక వ్యాసం రాశాను. గోల్డెన్ ఇయరింగ్ బృందంలోని జార్జ్ కోయ్‌మన్స్, బారీ హే, షాకింగ్ బ్లూ గాయని మరిస్కా వెరెస్, పాటగాడు బౌదెవైన్ ద గ్రోట్ సమకాలీనులని రాస్తే, సంపాదకుడు 'సమకాలికులు' అని దిద్దారు. ఏది ఒప్పు? ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్‌ను కూడా వీరితో కలపవచ్చా?
– ఒక పాఠకుడు, ది హేగ్

సమాధానం: సంపాదకుడు దిద్దింది సరే. మీరు రాసింది మాత్రం కొట్టేయాల్సినంత తప్పు కాదు. 'కాలాట్ఠఞ్' అన్న పాణిని సూత్రం ప్రకారం కాలాన్ని చెప్పే మాటల మీద 'ఇక' వస్తుంది. మాసికం, వార్షికం అలా వచ్చినవే. మరి 'సమానకాలీనం', 'ప్రాక్కాలీనం' ఎలా కుదురుతాయని, పాణిని సూత్రాలను వివరించే సిద్ధాంతకౌముదిలో భట్టోజీ దీక్షితుడే ప్రశ్న వేసుకుని, అవి అపభ్రంశాలేనని ప్రామాణికులు అంటారని తేల్చాడు. అయితే ఆ వరసలోనే ఆయన కాళిదాసు వాడిన 'శార్వర' (రాత్రికి చెందిన) శబ్దాన్నీ, భారవి వాడిన 'ఔషస' (వేకువకు చెందిన) శబ్దాన్నీ కూడా చేర్చి, వాటినీ అపభ్రంశాలుగానే లెక్కపెట్టాడు. కాళిదాసే ఉన్న పట్టికలో మీ 'సమకాలీనులు' కూడా ఉంటే దాన్ని బయటికి నెట్టడానికి నాకు మనసొప్పదు. నేను మాత్రం 'సమకాలికులు' అనే రాస్తాను. ఆదివృద్ధి చేసి, అంటే మొదటి అచ్చును పెంచి, 'సామకాలికులు' అనాలని ఎవరైనా పట్టుబడితే, సమ, కాలిక అని విడిగా సమాసం చేసుకుంటే ఆ చిక్కు ఉండదని చెప్పండి.

క్షమించరానిది 'సమకాలీకులు'. ఈ మధ్య పత్రికల్లో తరచు కనిపిస్తోంది. 'సమకాలీకరణం'లో దీర్ఘం, అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడం అనే అర్థమిచ్చే చ్వి ప్రత్యయం వల్ల వచ్చింది, అక్కడ అది ఒప్పు. దాన్ని పట్టుకొచ్చి మనుషులకు తగిలించడం ఏం పద్ధతి? ఇంకొకటి. 'సమకాలీన సంగీతం' అని రాసి ఈనాటి సంగీతం అని అర్థం చేసుకోమంటున్నారు. సమకాలం అంటే ఎవరో ఒకరితో సమమైన కాలం. ఎవరితోనో చెప్పకుండా ఆ మాట నిలవదు. 'నేటి సంగీతం' అంటే పోయేదేముంది?

మీ వ్యాసానికి కావలసిన మాట ఈ రెండూ కాదని నా అభిప్రాయం. సమకాలికులంటే ఒకే కాలంలో ఉన్నవాళ్లు, అంతే. డెబ్బై ఏళ్ల గురువూ ఇరవై ఏళ్ల శిష్యుడూ సమకాలికులే. మీరు చెబుతున్నది ఒకే తరం గురించి. దానికి 'ఈడు' అనే చక్కని మాట మనకుంది. ఈడు అంటే వయసు, ఈడు అంటే సాటి కూడా. ఈడుజోడు, ఈడువాడు ఇందులోనివే. తమిళంలోనూ 'ఈడు' సాటి అనే అర్థంలో ఉంది. పిల్ల ఈడేరింది అన్నా, కోరిక ఈడేరింది అన్నా ఈ మాటే. పల్లెల్లో ఇప్పటికీ 'వాడూ నేనూ ఒక ఈడువాళ్లం' అంటారు. చదువుకున్నవాళ్లం మనమే దాన్ని వదిలేశాం.

కవి జీవితాన్ని ఈడుతో కొలిచి చూపినవాడు శ్రీనాథుడు. కాశీఖండం అవతారికలోని ఆ సీసపద్యం చదవని తెలుగువాడు ఉండకూడదు. 'చిన్నారి పొన్నారి చిఱుత కూకటినాఁడు' మరుత్తరాట్చరిత్ర రచించానంటాడు. నూనూగు మీసాల నూత్నయౌవనంలో శాలివాహన సప్తశతి, నిండు జవ్వనంలో నైషధం, ప్రౌఢ వయస్సులో భీమేశ్వరుడి మహిమ. చివరికి, ప్రాయం ఇంతకు మించి కైవ్రాలకుండా, అంటే వాలిపోకుండా, కాశీఖండాన్ని తెలుగు చేస్తానంటాడు. ఒక్క సంవత్సరం పేరు లేదు, తనను పోషించిన ఒక్క రాజు పేరు లేదు. కూకటి జుట్టు, నూనూగు మీసం, జవ్వనం, పరిపాకం అంటూ కాలాన్ని ఒంటి మీదే చూపాడు. ఇప్పుడు 'కెరీర్' అంటూ మనం రాసే వ్యాసాల్లో ఇంత ఊపిరి ఎక్కడుంది?

మీ డచ్చివాళ్లను ఈ పద్యం పక్కన పెట్టి చూడండి. కోయ్‌మన్స్ 1948లో పుట్టాడు. 1961లో, పదమూడేళ్లకు, తనకంటె కొంచెం పెద్దవాడైన రీనుస్ గెరిట్‌సన్‌తో కలిసి ది హేగ్‌లో బృందం కట్టాడు, అదే తర్వాత గోల్డెన్ ఇయరింగ్ అయింది. అది కూకటినాటి పని. ఆ బృందం పాట 'రేడార్ లవ్' 1973లో వచ్చింది, అది నిండు జవ్వనం. 'ట్విలైట్ జోన్' 1982 నాటిది, అప్పటికి ప్రౌఢ వయస్సు. 2021లో అతనికి కండరాలను హరించే ఏఎల్ఎస్ వ్యాధి ఉందని తెలియడంతో, అరవై ఏళ్లు నడిచిన బృందం ఆగిపోయింది. కైవ్రాలడం అన్న మాట అక్కడ ఎంత బరువెక్కుతుందో చూడండి.

మరిస్కా వెరెస్ 1947లో పుట్టింది, అతని ఈడుదే. 'వీనస్' పాట 1969లో వచ్చి 1970 ఫిబ్రవరిలో అమెరికా పట్టికలో మొదటి స్థానానికి వెళ్లేసరికి ఆమెకు ఇరవై రెండేళ్లు. నాలుగేళ్లకే, 1974లో, బృందం విడిపోయింది. 1986లో అదే పాట మళ్లీ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది, కానీ ఈసారి పాడింది బననరామా అనే ఇంగ్లండు బృందం. మరిస్కా 2006లో కన్నుమూసింది. ప్రపంచమంతా ఆమెను తలచేది నూత్నయౌవనంలో పాడిన ఆ ఒక్క పాటతోనే.

బౌదెవైన్ ద గ్రోట్ 1944లో బటేవియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, పుట్టాడు. వియత్నాం యుద్ధాన్ని నిలదీస్తూ అమెరికా అధ్యక్షుడికి శుభరాత్రి చెప్పే పాట పాడినప్పుడు అతనికి ఇరవై దాటిందంతే. ఆ పాట రాసినవాడు అతని స్నేహితుడు లెనార్ట్ నైఖ్. మళ్లీ 1996లో, యాభై దాటాక, నైఖ్ మాటలతోనే 'ఆవొంద్' పాడాడు, సాయంత్రం అని అర్థం. శ్రోతల ఓట్లతో ఏటా డచ్ రేడియో తయారుచేసే 'టాప్ 2000' పట్టికలో 2005లో ఆ పాట మొదటిది. చిన్ననాటి కోపాన్నీ, పెద్దనాటి మెత్తదనాన్నీ ఒకే గొంతుతో పాడినవాడు. మీ నలుగురిలో శ్రీనాథుడికి దగ్గరివాడు ఇతనే అనిపిస్తుంది నాకు. మీ వ్యాసంలో ఇతనికి రెండే వాక్యాలు ఇచ్చి ఉంటే ఇంకో రెండు పేరాలు పెంచండి.

బారీ హే మన ఫైజాబాద్‌లో, 1948లో పుట్టాడు. ఆ సంగతి తప్పక రాయండి.

ఇక ఎడ్డీ వాన్ హేలెన్. 1955లో పుట్టాడు. 1962లో ఆ కుటుంబం కాలిఫోర్నియాకు వెళ్లిపోయింది. అతని బృందం మొదటి ఆల్బమ్ 1978లో వచ్చింది. కోయ్‌మన్స్ కూడా అప్పుడు పాడుతూ, వాయిస్తూనే ఉన్నాడు కాబట్టి సమకాలికుడు అనడానికి అడ్డేమీ లేదు. ఈడువాడు మాత్రం కాడు, ఏడేళ్లు చిన్న. పల్లె లెక్కలో ఏడేళ్ల తేడా ఉంటే తమ్ముడి వరస. అతన్ని 'ఈ ఈడువాళ్ల తర్వాతివాడు' అని వేరే వాక్యంలో రాయండి. డచ్చివాళ్లలో లెక్కపెట్టాలా, అమెరికన్లలోనా అన్నది వ్యాకరణం తీర్చే తగువు కాదు, మీ సంపాదకుడితో తేల్చుకోండి.