పేరడీ మాటలు మీవే, మరి ట్రాక్ ఎవరిది?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకర్ల కష్టాల మీద ఓ హిట్ సినిమా పాటకు పేరడీ రాసి, కరోకే ట్రాక్ మీద పాడి యూట్యూబ్‌లో పెట్టాను. అందరూ తెగ నవ్వుకున్నారు. ఆడియో కంపెనీ స్ట్రైక్ (హక్కుల ఫిర్యాదుపై యూట్యూబ్ వీడియో తీసేసి ఛానల్‌కు వేసే హెచ్చరిక) వేయించింది. భయపడి నా దగ్గరున్న ఫైళ్లన్నీ డిలీట్ చేశాను. జనం బాధ చెప్పడం నేరమా? కౌంటర్ నోటిఫికేషన్ (వీడియో తిరిగి పెట్టమని యూట్యూబ్‌కు ఇచ్చే అభ్యంతరం) వేయమంటారా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జనం బాధ సంగతి కోర్టు అడగదు. ఆ ట్రాక్ ఎవరిదని అడుగుతుంది. సినిమా పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడు వేర్వేరు హక్కులు. మీరు మార్చింది మొదటిదాన్నే.

కాపీరైట్ చట్టం, 1957లో పేరడీ అన్న మాటే లేదు. సెక్షన్ 52(1)(ఎ) కాపాడేది ప్రధానంగా ఒక రచనపై విమర్శను, సమీక్షను. మీరు వెక్కిరించింది ట్యాంకర్‌ని, పాటను కాదు. 1996లో కేరళ హైకోర్టు ఓ ప్రతినాటకంపై ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) ఎత్తేసిందంటే, అది మూల నాటకాన్నే ఎదిరించింది కాబట్టి. మీరూ ఆ పాటలోని హీరో బిల్డప్‌నే ఏకిపారేసి ఉంటే కొంత వాదించవచ్చు. అప్పుడైనా రికార్డింగ్ వాడకాన్ని సమర్థించడం కష్టమే. ‘పాట వచ్చి ఐదేళ్లు దాటింది’ అంటారేమో, సెక్షన్ 31సి కవర్ పాటలకే (ఉన్న పాటను మళ్లీ పాడి రికార్డు చేసేవాటికే), మాటలు మార్చనివ్వదు.

కౌంటర్ నోటిఫికేషన్ జోలికి వెళ్లకండి. అందులో ‘పొరపాటున తీసేశారు’ అని ప్రమాణపూర్వకంగా చెప్పాలి, మీ పేరు, చిరునామా కంపెనీకి చేరతాయి, కాలిఫోర్నియా కోర్టు పరిధికి ఒప్పుకున్నట్టవుతుంది. పిచ్ మార్చి వేరే ఛానల్‌లో పెట్టడం ఇంకా ఘోరం: తెలిసి చేశారనడానికి మీరే సాక్ష్యం సృష్టించినట్టు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 శిక్షకు ‘తెలిసి’ అన్నదే ఆయువుపట్టు. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చని, బెయిలు హక్కుగా రాదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఫైళ్లు చెరపమని ఎవరు చెప్పారు? అవి పోతే స్ట్రైక్ పోదు, మీ మాటలు మీవేనని చూపే ఆధారం మాత్రం పోయింది. పరిహారం దావాకు గడువు ఉల్లంఘన తేదీ నుంచి మూడేళ్లు. అందాకా రాతప్రతి ఫొటోలు, స్ట్రైక్ మెయిల్, ఛానల్ ఆదాయ వివరాలు దాచండి. కోర్టుకు స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్రతో) కావాలి.

ఇప్పుడు చేయాల్సింది: రిట్రాక్షన్ (ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం) కోరుతూ కంపెనీకి నాలుగు లైన్ల మెయిల్. ‘తెలిసే వాడాను, క్షమించండి’ అని మాత్రం రాయొద్దు. కంపెనీ ఒప్పుకోకపోతే యూట్యూబ్ వారి కాపీరైట్ స్కూల్ (చిన్న ఆన్‌లైన్ పాఠం) పూర్తిచేసి 90 రోజులు ఆగండి. మొదటి స్ట్రైక్ దానంతటదే పోతుంది. ఆలోగా పాత వీడియోల్లో సినిమా ట్రాకులున్నవి తీసేయండి. మూడు స్ట్రైకులైతే ఛానలే పోతుంది.

మీ ట్యాంకర్ మాటలు బతుకమ్మ బాణీలోనో, ఉయ్యాల పాటలోనో ఇమిడిపోతాయి. అక్కడా ఇంకొకరి రికార్డింగ్ ఎత్తకండి. చప్పట్లు, డప్పు మీరే రికార్డు చేసుకోండి.